తిరిగి వచ్చినవాడును, రాలేకపోయినవాడును

ధ్యాన భాగములు: ఫిలిప్పీయులకు 2:25–30, 2 తిమోతి 4:20



ఈ మాసము మన ధ్యానమునకు ఇద్దరు రోగుల సంగతి తీసికొనుచున్నాము. ఇద్దరును పౌలునకు ప్రియులే. ఇద్దరును సువార్త పనిలో ప్రయాసపడినవారే. ఒకని పేరు ఎపఫ్రొదితు. అతడు ప్రాణము పోవునంత జబ్బు చేసి, దేవుని కనికరము వలన బాగుపడి, తన సంఘమునకు తిరిగి వెళ్లెను. రెండవవాని పేరు త్రోఫిము. అతడు మిలేతులో రోగిగానే నిలిచిపోయెను. మొదటివానిగూర్చి మనము అనేక ప్రసంగములు వినియున్నాము. రెండవవాని రోగమునుగూర్చి ఒక్క ముక్క మాత్రమే వ్రాయబడి యున్నది గనుక చదివి దాటిపోవుచుందుము. ఇద్దరిని ఒక చోట నుంచి చూచినయెడల మన సంఘములకు కావలసిన బుద్ధి అందులో దొరకును.

దీనిని తేటపరచుటకు ఒక ఆటగాని చరిత్ర చెప్పెదము. పౌలు తానే కొరింథీయులకు వ్రాయుచు పరుగు పందెమును దృష్టాంతముగా చెప్పెను గనుక, ఆట మాట ఎత్తినందుకు ఎవరును అభ్యంతరపడనక్కరలేదు.

మన దేశములో హాకీ అనగా మైదానములో ఆడునది. అమెరికా, కెనడా దేశములలో హాకీ అనగా గడ్డకట్టిన మంచు మీద ఆడునది. ఆటగాండ్రు బూట్ల క్రింద కత్తివంటి ఇనుప పలకలు బిగించుకొని జారుచు పరుగెత్తుదురు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ల యుండును. ఒకరినొకరు బలముగా ఢీకొనుట ఆ ఆటలో భాగమే. ఏండ్ల తరబడి ఆడినవాని మోకాళ్లు ఏమగునో చెప్పనక్కరలేదు.

అమెరికాలో మోటారు కార్లకు పేరుపొందిన డెట్రాయిట్ పట్టణమునకు రెడ్ వింగ్స్ అను జట్టు కలదు. ఆ పట్టణ ప్రాంతములో మన తెలుగువారును అనేకులు కాపురమున్నారు. కెనడా దేశస్థుడైన స్టీవ్ ఐజర్‌మన్ 1983లో, 18 ఏండ్ల ప్రాయములో, ఆ జట్టులో చేరెను. 1986లో, 21 ఏండ్లకే, నాయకుడాయెను. 1955 తరువాత ఆ పట్టణము స్టాన్లీ కప్పు అను గొప్ప బహుమానము ఎరుగదు. ఐజర్‌మన్ నాయకుడై పదకొండవ యేట, 1997లో, అది దొరికెను. 1998లో మరల దొరికెను. 2002లో మూడవసారి గెలిచినప్పటికి ఆయన కుడి మోకాలు అరిగిపోయి యుండెను. మంచు మీద పడినప్పుడు కర్రను ఊతగా పట్టుకొని లేచుట జనులందరు చూచిరి.

2002 ఆగస్టులో ఆయన మోకాటికి పెద్ద శస్త్రచికిత్స జరిగెను. ఎముకను కోసి, కాలి వంపును సరిచేసి, దేహభారము అరిగిన వైపునుండి బాగున్న వైపునకు మరలునట్లు వైద్యులు చేసిరి. సాధారణముగా ఇట్టి చికిత్స మనుష్యుడు నొప్పి లేక నడుచుటకొరకు చేయుదురు గాని అంత కఠినమైన ఆట ఆడుటకు కాదు. అప్పటికి ఆయన వయస్సు 37. ఇక ఆడలేడని అనేకులు అనుకొనిరి. అయినను 2003 ఫిబ్రవరి 24వ తేదీన ఆయన మరల జట్టులో ఆడెను.

మా ప్రాంతమునుండి ఉద్యోగమునకై ఆ పట్టణమునకు వెళ్లిన యువకుడొకడు ఆ ఆరు నెలలును అక్కడనే యుండెను. ఆ ఆటను క్రొత్తగా నేర్చుకొని ఆ నాయకునికి గొప్ప అభిమాని ఆయెను. ప్రతి ఉదయమున పత్రిక విప్పి మొదట ఆ మోకాటి కబురు చూచెడివాడట. నడిచెనా? మంచు మీదికి దిగెనా? ఎప్పుడు వచ్చును? ఇదియే చింత. ఈ సంగతి మనస్సునందుంచుకొని ఇప్పుడు లేఖనమునకు వత్తము.

మొదటిది: రోగికొరకు కనిపెట్టువారి ప్రేమ.

ఫిలిప్పీ సంఘము చెరలోనున్న పౌలునకు కానుక పంపగా దానిని మోసికొనిపోయినవాడు ఎపఫ్రొదితు. అక్కడ అతనికి జబ్బు చేసెను. ఆ కబురు ఫిలిప్పీకి చేరెను. వారు దుఃఖపడుచున్నారని మరల అతనికి తెలిసెను. ఉత్తరములు కాలినడకను, ఓడలమీదను పోవు దినములలో ఈ రాకపోకలు జరిగెను. ఎపఫ్రొదితు తన జబ్బునకంటె తనవారికి కలిగిన చింతకే ఎక్కువ కలతపడెనని పౌలు వ్రాయుచున్నాడు. రోగి సంఘమునుగూర్చియు, సంఘము రోగినిగూర్చియు చింతపడుచుండిరి. ఇట్టి సంఘము ధన్యమైనది.

డెట్రాయిట్ అభిమానులు తమ బంధువు కాని ఒకని మోకాటికొరకు ఆరు నెలలు కనిపెట్టిరి. క్రీస్తు రక్తముచేత మనకు సహోదరుడైనవాడు పట్టణపు ఆసుపత్రిలో నున్నప్పుడు మనము ఎన్ని దినములు కబురడుగుదుము? మొదటి వారము ఇల్లు పట్టనంతమంది పోవుదురు. రెండవ వారము నలుగురు. నెల దాటిన తరువాత ఆ ఇంటి గుమ్మము తొక్కువాడెవడు?

రెండవది: తిరిగి వచ్చినవానికి చేయవలసిన మర్యాద.

ఎపఫ్రొదితును సంతోషముతో చేర్చుకొని, అట్టివారిని ఘనపరచుడని పౌలు ఫిలిప్పీయులకు వ్రాయుచున్నాడు. ఈ మాట ఎందుకు వ్రాయవలసి వచ్చెను? పని ముగియకుండ మధ్యలో తిరిగి వచ్చినవానిని చూచి కొందరు సణుగుదురని ఆయనకు తెలిసియుండవచ్చును. జబ్బుపడి లేచినవాడు పూర్వపు బలముతో రాడు.

ఐజర్‌మన్ 1988–89లో ఒక్క యేటనే 65 గోలులు వేసినవాడు. 2003లో తిరిగి వచ్చి ఆ ఋతువులో మిగిలిన ఆటలలో 16 ఆడి వేసినవి 2 గోలులు మాత్రమే. ఆ వసంతమున కప్పుకొరకైన పోటీలలో డెట్రాయిట్ మొదటి వరుసలోనే నాలుగు ఆటలును వరుసగా ఓడి ఇంటికి పోయెను. కథలలో చెప్పునట్లు, వచ్చెను, గెలిచెను అను ముగింపు అందులో లేదు. అయినను ఆ యేట ఓర్పునకును పట్టుదలకును ఇచ్చు బిల్ మాస్టర్‌టన్ బహుమానము ఆయనకే ఇచ్చిరి. జనులు గోలులు లెక్కపెట్టుకొని ప్రేమించలేదు.

మన మధ్యను ఇట్టివారున్నారు. పక్షవాతము వచ్చి లేచిన సంఘపెద్ద ప్రార్థన చేయునప్పుడు మాట తడబడును. పిల్లలు నవ్వుదురు, పెద్దలు దగ్గుదురు. జబ్బు చేసి లేచిన బైబిలు స్త్రీ రెండు ఇండ్లు తిరిగి అలసి కూర్చుండును. అప్పుడు మనము పూర్వము ఆమె ఇరువది ఇండ్లు తిరిగెడిదని చెప్పుకొందుము. సహోదరులారా, ఆ రెండు ఇండ్ల సేవ ఎంత నొప్పితో చేసినదో ప్రభువు ఎరుగును. బీద విధవరాలి రెండు కాసులను ఆయన ఎట్లు లెక్కించెనో మరువవద్దు. తడబడు ప్రార్థనకు మనమందరము గట్టిగా ఆమేన్ చెప్పవలెను.

మూడవది: తిరిగి రాలేకపోయినవాని స్థానము.

ఇప్పుడు 1997వ సంవత్సరమునకు వెనుకకు పోవలెను. ఆ జూన్ 7వ తేదీన డెట్రాయిట్ 42 ఏండ్ల తరువాత కప్పు గెలిచెను. ఆరు దినములకు, 13వ తేదీన, ఆ జట్టువారు ముగ్గురు అద్దె కారులో పోవుచుండగా దానిని నడుపువాడు నిద్రపోయి చెట్టునకు గ్రుద్దెను. వారిలో వియచెస్లావ్ ఫెటిసోవ్ 39 ఏండ్ల పాత ఆటగాడు. వ్లాదిమీర్ కాన్‌స్టాంటినోవ్ 30 ఏండ్ల బలశాలి. సెర్గెయ్ మ్నాత్సకానోవ్ ఆటగాండ్ర దేహములకు మర్దనచేసి నొప్పులు తీర్చువాడు. ముగ్గురును రష్యా దేశమునుండి వచ్చినవారే. ఫెటిసోవ్ కోలుకొని మరుసటి యేట మరల ఆడెను. కాన్‌స్టాంటినోవ్ తలకు తగిలిన దెబ్బచేత మరి ఎన్నడును ఆడలేదు. మ్నాత్సకానోవ్‌ను కూడ చక్రముల కుర్చీయే మోయవలసి వచ్చెను.

ఒకటే కారు, ఒకటే చెట్టు. వయస్సు మీరినవాడు లేచెను, యౌవనస్థుడు లేవలేదు. ఎందువలన? మేము చెప్పలేము. మీరును చెప్పలేరు. చెప్పగలమనువాడు దేవుని సింహాసనము మీద కూర్చుండ చూచుచున్నాడు.

ఆ మరుసటి యేడంతయు ఆ జట్టువారి చొక్కాలమీద ఆ ఇద్దరి పేర్ల మొదటి అక్షరములును, నమ్ముము అను అర్థమిచ్చు మాట ఇంగ్లీషులోను రష్యా భాషలోను ఉండెను. 1998 జూన్ 16న వాషింగ్టన్‌లో వారు కప్పు మరల గెలిచిరి. కప్పు అందుకొనిన నాయకుడు దానిని ఎత్తి మంచు చుట్టు తిరుగుట అక్కడి వాడుక. ఐజర్‌మన్ కప్పు అందుకొని చక్రముల కుర్చీలోనున్న కాన్‌స్టాంటినోవ్ యొద్దకు పోయి, మరెవరికిని ఇయ్యకముందు దానిని అతని ఒడిలో పెట్టెను. జట్టువారు ఆ కుర్చీని త్రోయుచు మంచు చుట్టు త్రిప్పిరి. ఆ యేట ఒక్క ఆటయైనను ఆడనివాడు కప్పు మోసికొని తిరిగెను.

ఇప్పుడు త్రోఫిమును చూడుడి. ఎఫెసులో పౌలు దేహమునకు తగిలిన గుడ్డలు తీసికొనిపోయినప్పుడు రోగులు బాగుపడిరని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో చదువుచున్నాము. త్రోఫిము ఆ ఎఫెసువాడే. పౌలు ప్రార్థన చేయలేదా? చేసియుండును. అయినను త్రోఫిము లేవలేదు. అతనికి విశ్వాసము చాలలేదనిగాని, రహస్య పాపమున్నదనిగాని పౌలు ఒక్క మాటయు వ్రాయలేదు. నేడు మన పల్లెలలో పెద్ద పందిళ్లు వేసి, లేచినవానిని వేదిక ఎక్కించి సాక్ష్యము చెప్పించి, లేవలేనివానిని నీ విశ్వాసము కొంచెమని తిట్టి పంపువారున్నారు. మంచములోనున్నవానికి జబ్బొకటి చాలదా? దానిమీద ఈ నింద కూడ మోయవలెనా? అపొస్తలుడు చేయని పని మనమును చేయరాదు.

మరియొక సంగతి గమనించుడి. ఈ పత్రిక అందుకొనిన తిమోతి ఎఫెసులో సేవ చేసినవాడు. ఎఫెసునుండి మిలేతు ఎంతో దూరము లేదు. ఎఫెసు పెద్దలు పౌలు పిలువగా అక్కడికి పోయిరి. అట్లయిన త్రోఫిమును మిలేతులో విడిచితినని పౌలు వ్రాయుట ఊరక చెప్పిన వార్త కాదనుకొందుము. నీకు దగ్గరలో ఒకడు మంచములో నున్నాడు, చూచుకొనుమని చిరునామా ఇచ్చినట్లున్నది.

పైన చెప్పిన యువకుడు కొన్నేండ్ల క్రిందట సెలవుమీద ఊరికి వచ్చెను. అతని మేనమామ మా సంఘస్థుడే. తాటిచెట్టు మీదినుండి పడి నడుము విరిగి పండ్రెండేండ్లుగా మంచములో నుండెను. యువకుడు మాతో ఇట్లనెను: “అయ్యగారూ, ఆరు నెలలు ఎవరిదో మోకాలి కబురు కోసం రోజూ పేపరు చూశానండి. నన్ను భుజం మీద ఎక్కించుకుని సండే స్కూలుకు తీసుకొచ్చిన మా మామయ్య కబురు ఆ ఆరు నెలల్లో ఒక్కసారే అడిగాను.” ఆ సాయంకాలము అతడు మంచము ప్రక్కను కూర్చుండి ఆ కప్పు కథ చెప్పెను. మామ అంతయు విని కొంతసేపు ఊరకుండి, “ఆ గిన్నె నా ఒళ్లో ఎవరు పెడతారురా అల్లుడూ?” అనెను.

ఆ మాట సంఘపెద్దల చెవిని పడెను. అప్పటివరకు ఆరాధన ముగిసిన తరువాత మేము ఒంటరిగా పోయి అతనికి సంస్కారమిచ్చుచుంటిమి. ఆ మాసపు ఆదివారమున పెద్దలును, స్త్రీల సమాజమువారును, పిల్లలును రొట్టెతోను పాత్రతోను మొదట అతని వాకిటికే నడిచిరి. పాత్ర మొదట అతనికే అందింపబడెను. తరువాతనే మిగిలిన సంఘము తీసికొనెను. అతడు లేవలేదు, ఆ మంచములోనే ప్రభువునందు నిద్రించెను. అయితే సంఘము తన్ను విడిచినదని తలంచుకొనుచు నిద్రించలేదు.

ప్రియులారా, తిరిగి వచ్చినవారినిబట్టి స్తోత్రము చేయుదము; అది న్యాయమే. అయితే ఈ మాసము ప్రతి సంఘములోను పెద్దలు కూడుకొని, ఆరు నెలలకు పైగా గుడికి రాలేకపోయినవారి పేర్లు వ్రాయవలెనని కోరుచున్నాము. ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క కుటుంబము బాధ్యత వహింపవలెను. వారి యొద్ద కూర్చుండి వారిచేత మనకొరకు ప్రార్థన చేయించుకొనుడి. వారును సంఘములో పనివారే. ఆటగాని అభిమాని దూరమునుండి చూచి చప్పట్లు కొట్టిన చాలును. మనకది చాలదు. పక్షవాయువుగలవానిని పరుపుతో మోసికొనివచ్చి, ఇంటి కప్పు విప్పి ప్రభువు ఎదుట దింపిన నలుగురివలె మనము భుజము పెట్టవలెను.

ఫిలిప్పీలో ఎపఫ్రొదితును, మిలేతులో త్రోఫిమును ఒకే ప్రేమతో కాచిన ప్రభువు మీ ఇండ్లలోని రోగులను, వారికి పరిచర్య చేయు మిమ్మును కాచి ఆదరించును గాక. ఆమేన్.