సర్దుకుపోవుటయే సమాధానమా?

మన తెలుగులో 'సమాధానము' అనే మాటకు రెండు అర్థములున్నవి. ఒకటి శాంతి, రెండవది అడిగినదానికి చెప్పే జవాబు. అయితే మన ఇండ్లలోను సంఘములలోను జవాబు చెప్పకుండా తలవంచుకొని పోయేవారిని చూచి "ఎంత సమాధానము గల మనిషి!" అని మెచ్చుకుంటాము. నోరు మెదపకపోవడమే శాంతియా? ఎల్లప్పుడు సర్దుకుపోవువారే మంచివారా? ప్రియ పాఠకులారా, ఈ ప్రశ్నను నిదానముగా ఆలోచించుదము.

షోలాపూరులోను, బరంపురములోను, చెన్నైలోను, కోలారు బంగారు గనుల ప్రాంతములోను మూడు నాలుగు తరములుగా స్థిరపడిన మనకు సర్దుకుపోవడము ఉగ్గుపాలతో వచ్చిన విద్య. ఇంటిలో ఒక భాష, బజారులో మరొకటి, పిల్లల బడిలో ఇంకొకటి. పరాయి చోట బ్రతుకుటకు ఆ విద్య అవసరమైనది. దానిని మేము తక్కువ చేయము. కాని ఇంటిలో ఆ సర్దుబాటు ఎవరి వంతుకు వస్తున్నదో ఒకసారి లెక్క చూడండి. చిన్న కోడలు, పెండ్లయి వెళ్లిన ఆడపిల్ల, సంపాదన తక్కువైన తమ్ముడు, మంచము పట్టిన అత్తగారు. బలము గలవాని కోరికకు 'పద్ధతి' అని పేరు. బలము లేనివాని కోరికకు 'మొండితనము' అని పేరు. ప్రతిసారి ఒకరే వదులుకొంటుంటే దానిని రాజీ అనరాదు, లొంగుబాటు అనవలెను.

సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు కనబడుతారు. తండ్రి అరణ్యములో చనిపోయాడు, కుమారులు లేరు. వాడుక ప్రకారము భూమి వారికి రాదు. వారు గుడారములో కూర్చుండి గొణుగుకోలేదు, జనులను రెచ్చగొట్టలేదు. మోషే ఎదుట, యాజకుని ఎదుట, సమాజమంతటి ఎదుట నిలిచి జరిగిన సంగతి చెప్పారు. తమకు ఏది అన్యాయముగా తోచినదో చెప్పారు. ఏమి కావలెనో అడిగారు. వారి మాట న్యాయమైనదని తీర్పు వచ్చినది. 36వ అధ్యాయములో బంధువుల పెద్దలు తమ భయము చెప్పుకున్నారు: వీరు వేరొక గోత్రములో పెండ్లి చేసుకుంటే భూమి ఆ గోత్రమునకు పోవును గదా అని. ఆ మాట కూడ న్యాయమైనదే అనబడినది. భూమి కుమార్తెలకే నిలిచినది. పెండ్లి మాత్రము తమకిష్టమైన వారినే అయినా తండ్రి గోత్రములో చేసుకోవలసి వచ్చినది. ముందు ఒక పక్షము నోరు విప్పబట్టే రెండు పక్షముల మాటా వినబడినది.

ఇటువంటి వ్యవహారము మనకు క్రొత్త కాదు. ఒక ఉదాహరణ తీసుకుందము. ఊరిలో తండ్రి ఇల్లున్నది. అన్న అక్కడే ఉన్నాడు, చెల్లెలు షోలాపూరులో. హక్కు వదులుకొన్నట్లు సంతకము పెట్టమని కాగితము వచ్చినది. 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేనిచో క్రైస్తవ కుటుంబములో కుమారునికెంతో కుమార్తెకూ అంతే. ఆమె మౌనముగా సంతకము చేసి, తరువాత పండుగకు కూడ పుట్టింటి గడప తొక్కకపోవచ్చు. లేదా నలుగురిలో అన్నను దొంగ అని తిట్టవచ్చు. ఇంకొక దారి కూడ ఉన్నది: "అన్నయ్యా, అమ్మను పదేండ్లు నువ్వే చూసుకున్నావు, కప్పు నీ డబ్బుతోనే వేయించావు. అది నాకు తెలుసు. కాని నాతో మాట్లాడకుండా కాగితము పంపించడము నాకు బాధగా ఉన్నది. నాన్న ఇంటిలో నా వంతు నాకు కావాలి. నీ ఖర్చెంతో లెక్క కట్టి తీసివేద్దాము."

ఈ మాటలలో నింద లేదు, భయమూ లేదు. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు థామస్ గోర్డన్ తల్లిదండ్రుల కొరకు 1970లో ప్రచురించిన గ్రంథములో ఇదే నేర్పాడు. "నీవెప్పుడూ ఇంతే" అంటే ఎదుటివాడు కోటతలుపు వేసుకుంటాడు. "నాకు ఇది కష్టముగా ఉన్నది" అంటే వినడానికి సందు దొరుకుతుంది.

రాజీకి కూడ ఒక పద్ధతి కలదు. మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికా రచయిత్రి 1925లో ఒక చిన్న సంగతి చెప్పినది. గ్రంథాలయములో ఒకరికి కిటికీ తెరవాలి, ఈమెకు మూయాలి. సగము తెరిస్తే ఇద్దరికీ తృప్తి లేదు. కారణములు అడిగితే అతనికి గాలి కావాలి, ఈమెకు మీద గాలి కొట్టరాదు. ప్రక్క గది కిటికీ తెరిచారు. మన ఆరాధన భాష తగవు కూడ ఇటువంటిదే. సగము తెలుగు, సగము తమిళము అంటే ఇరువురూ సణుగుతారు. కారణము అడిగితే పిల్లలకు ప్రసంగము అర్థము కావడము లేదు. పెద్దలకు తమ పాటలు పోతాయని దిగులు. అప్పుడు తెలుగు పాటలను పిల్లలు చదువగల లిపిలో అచ్చు వేయవచ్చు, ప్రసంగ సారాంశము వారి భాషలో చెప్పవచ్చు.

అయితే ఏది వదులుకోవచ్చును? మన కాలము, మన డబ్బు, మన ముందు వరుస కుర్చీ, మన మాటే నెగ్గాలనే పంతము వదులుకోవచ్చు. సత్యమును వదులుకోరాదు. ఇతరుల హక్కును అసలే వదులుకోరాదు. మన జేబులోని రూపాయి దానము చేయవచ్చును గాని ప్రక్కవాని జేబులోనిది దానము చేయుటకు మనమెవరము? తగవు తీర్చే పెద్దలు బలహీనురాలితో "నువ్వే సర్దుకో తల్లీ" అన్నప్పుడు చేసేది ఆ దానమే. అబ్రాము లోతుతో భూమి విషయములో తాను పెద్దవాడై యుండి ముందుగా కోరుకొనే అవకాశము చిన్నవానికిచ్చాడు. ఆ సర్దుబాటు గొప్పది, ఎందుకనగా బలము గలవాడు తనంతట తాను ఇచ్చినది.

నోరు విప్పితే బంధము తెగిపోదా అని కొందరు అడుగుదురు. ఒక్కొక్కసారి దూరము కావచ్చు. మార్కు విషయమై పౌలు, బర్నబా తీవ్రముగా వాదించుకొని విడిపోయారు. తరువాత ఆ మార్కునే వెంటబెట్టుకొని రమ్మని పౌలు తిమోతికి వ్రాశాడు. ఎదుట చెప్పుకొన్న భేదమునకు తిరిగి వచ్చే దారి ఉంటుంది. లోపల దాచుకొన్న భేదము ఉన్నదనే ఎదుటివానికి తెలియదు. దానిని ఎవరు తీర్చగలరు?

కాబట్టి ఇకమీదట ఎవరినైనా సర్దుకొమ్మని చెప్పేముందు, వారు చెప్పదలచినది పూర్తిగా విన్నామా, క్రిందటిసారి సర్దుకొన్నది ఎవరు, ఈసారి ఇవ్వగల స్తోమత ఎవరికున్నది అని మనలను మనము అడుగుకొందము. ఈ మూడింటికి సమాధానము దొరికిన తరువాతనే మన ఇండ్లలో రెండవ సమాధానము నిలుచును.