నేల ఉడుతల వేట: రైతు అవసరమా, మన సరదానా?

మా ఖాలాగారి అబ్బాయి అమెరికాలోని బాయిసీ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక రాత్రి ఫోన్ చేసి, "భాయీజాన్, మా ఆఫీసు మిత్రులు ముగ్గురు మే నెలలో నేల ఉడుతల వేటకు వెళుతున్నారు. నన్నూ రమ్మంటున్నారు. వెళ్ళవచ్చా?" అని అడిగాడు.

"వాటిని తింటారా?" అన్నాను.

"లేదు, కాల్చి పొలంలోనే వదిలేస్తారట. రైతుకు మేలే కదా!" అన్నాడు.

హలాలా, హరామా ఒక్క మాటలో చెప్పమని అతని కోరిక. ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ముందు ఆ జంతువేమిటో, ఆ ప్రయాణం ఎలా ఉంటుందో అతన్నే అడిగి తెలుసుకున్నాను.

ఇవి మన వేపచెట్ల మీద పరుగెత్తే చారల ఉడుతలు కావు. నేలలో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతుకుతాయి. బాయిసీ నుంచి కారులో మూడు గంటలకు పైగా వెళితే ఆరెగాన్ రాష్ట్రంలో హార్నీ కౌంటీ వస్తుంది. అక్కడి రైతులు పశువుల మేత కోసం లూసర్న్ గడ్డి పండిస్తారు. ఆ పొలాల్లో ఉండేది బెల్డింగ్ నేల ఉడుత. ఏడాదిలో సగానికి పైగా నేల కింద నిద్రలోనే గడుపుతుంది. లేచి ఉన్న కొద్ది నెలల్లో మాత్రం లేత గడ్డిని కొరికేస్తుంది. అది తవ్విపోసిన మట్టి దిబ్బలు కోత యంత్రాలను పాడు చేస్తాయి. రైతు కష్టం నిజమైనదే, అందులో నాకు సందేహం లేదు.

హాని చేసే జీవిని తొలగించే హక్కు షరీఅత్ మనిషికి ఇచ్చింది. హరమ్ పరిధిలో సైతం చంపడానికి అనుమతి ఉన్న ఐదు ప్రాణుల్లో ఎలుక ఒకటని బుఖారీ, ముస్లిం గ్రంథాల ద్వారా మనకు తెలుసు. అయితే బొరియలో బతికే ప్రతి ప్రాణీ విలువ లేనిదేనా? కాదు. అరబ్బు ఎడారిలో యర్బూ అనే చిన్న జంతువుంది. ఇహ్రామ్ స్థితిలో దాన్ని చంపినవారు నాలుగు నెలల మేకపిల్లను పరిహారంగా ఇవ్వాలని హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు చెప్పారు. దాని మాంసం విషయంలో హనఫీ, షాఫయీ ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయం ఉంది. ఆ చర్చ ఇక్కడ మనకు అవసరం లేదు, తినే ఉద్దేశం వీళ్ళకు ఎలాగూ లేదు. పిచ్చుకనైనా సరే హక్కు లేకుండా చంపినవాణ్ణి ప్రళయదినాన దాని గురించి ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ప్రాణమున్న దాన్ని గురి చూసే లక్ష్యంగా పెట్టుకోవడాన్ని కూడా ఆయన నిషేధించారు.

కాబట్టి ప్రశ్న సంకల్పం దగ్గరకు వస్తుంది. అది గుండెలో దాగి ఉంటుంది, ఎదుటివాడికి కనబడదు. ఒక్కోసారి మనకే కనబడదు.

నా సంగతే చెబుతాను. మదరసాలో చదివే రోజుల్లో జుమా సెలవు నాడు మేము కంచెల మీది తొండలను రాళ్ళతో కొట్టేవాళ్ళం. ఇబ్రాహీమ్ (అలై) కోసం పేర్చిన మంటను బల్లి జాతి ప్రాణి ఊదిందన్న హదీసు విన్నాం. ఇంకేం, తొండను కొడితే పుణ్యం అనుకున్నాం. హదీసు చెప్పింది ఏ ప్రాణి గురించో ఎవరమూ అడగలేదు. అదే హదీసుల్లో మొదటి దెబ్బకే చంపినవాడికి ఎక్కువ పుణ్యం, రెండో దెబ్బకు తక్కువ అని ఉంది. అంటే బాధ పెట్టవద్దని. మేము ఒక్క తొండ మీద పదేసి రాళ్ళు విసిరేవాళ్ళం, ఎవరి రాయి తగిలిందని వాదులాడుకునేవాళ్ళం. అది పుణ్యం కోసం కాదు, సరదా కోసం. పుణ్యం పేరు పైన కప్పుకున్నాం, అంతే. "రైతుకు మేలే కదా" అని మావాడు అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కంచే.

సంకల్పం కనబడకపోయినా ప్రయాణం ఏర్పాట్లు కనబడతాయి. డబ్బు ఎవరు ఎవరికి ఇస్తున్నారు? నెల్లూరు వైపు వరి పొలాల్లో యానాదులు బొరియలకు పొగపెట్టి ఎలుకలను పట్టేవారు. పిలిచిన రైతు వారికి కూలీ ఇస్తాడు. హార్నీ పొలాల్లో చాలాచోట్ల వేటకు వచ్చినవాడే రైతుకు ఫీజు కడతాడు. పని చేసేవాడికి డబ్బు వస్తుంది, వినోదానికి వెళ్ళేవాడు డబ్బు కడతాడు. వందల తూటాలు ఒక్క రోజుకు సర్దుకుంటున్నారంటే అది ఏ లెక్కలోకి వస్తుందో చెప్పనవసరం లేదు.

ఇక తేదీ. ఈ ఉడుతలు చలికాలం చివర, దాదాపు ఫిబ్రవరి, మార్చిలో బయటికి వస్తాయి. ఏడాదికి ఒక్కటే కాన్పు. పిల్లలు బొరియ దాటి పైకి వచ్చేది ఏప్రిల్ చివర, మే నెలల్లో. పంటను కాపాడుకోవాలంటే పిల్లలు పుట్టకముందే వాటి సంఖ్య తగ్గించడం మేలని వ్యవసాయ నిపుణులు చెబుతారు. ఒక్క తుపాకీతోనే పెద్ద గుంపులు అదుపులోకి రావని కూడా అంటారు. మరి వేటగాళ్ళకు మే నెల ఎందుకు ఇష్టం? ఎండ హాయిగా ఉంటుంది, పొలం నిండా తెలివి తెలియని పిల్లలు తిరుగుతుంటాయి, గురి తప్పినా ఇంకొకటి ఎదురుగానే ఉంటుంది. కాస్త ముందు, కళ్ళు తెరవని పిల్లలు లోపల ఉండగా తల్లిని కాల్చితే అవి ఆకలితో చస్తాయి. పిల్లలను పోగొట్టుకుని రెక్కలు కొట్టుకుంటున్న పక్షిని చూసి, దాని పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయమని ఆదేశించిన ప్రవక్త (స) అనుచరులం మనం.

మిగతా జాగ్రత్తలు మావాడికి క్లుప్తంగానే చెప్పాను. సీసం తూటాతో చచ్చి పొలంలో పడి ఉన్నదాన్ని తిన్న గద్దలకు ఆ సీసం విషమవుతుంది. కాలిఫోర్నియా 2019 జూలై నుంచి వేటలో సీసం తూటాలను పూర్తిగా నిషేధించింది. ఆరెగాన్‌లో వేటాడినా రాగి తూటాలే కొనుక్కోమన్నాను. అన్ని నేల ఉడుతలూ ఒకటి కావు. ఐడహోలోనే ఉండే ఒక జాతిని 2000లో ప్రమాదంలో ఉన్నదిగా ప్రకటించి చట్టం రక్షణ కల్పించింది. చూసి గుర్తుపట్టలేనివాడు తుపాకీ ఎత్తకూడదు. లైసెన్సు నియమాలు తెలుసుకోవాలి. చచ్చినవాటిని చేత్తో ముట్టరాదు, వాటి మీది పురుగుల వల్ల జబ్బులు వస్తాయి.

"ఇంతకీ వెళ్ళమంటారా, వద్దంటారా?" అన్నాడు చివరికి.

"ఆ రైతుకు ఫోన్ చేసి, నీకు ఏ వారంలో వస్తే ఉపయోగమో అడుగు. ఆయన చెప్పిన వారంలో వెళ్ళగలిగితే వెళ్ళు" అన్నాను.

పది రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. మార్చి మొదట్లో వస్తే మంచిదని, అప్పుడు మంచూ బురదా ఉంటాయి గనుక ఎవరూ రారని, వచ్చేమాటైతే ఫీజు అక్కర్లేదని రైతు చెప్పాడట. మావాడు రెండు రోజులు సెలవు పెట్టాడు. ముగ్గురు మిత్రుల్లో ఒకడు తోడు వస్తానన్నాడు. మిగతా ఇద్దరూ మే నెలకే ఉండిపోయారు.