మాటాడని బిడ్డ దోషియా?

ధ్యానించవలసిన భాగములు: 1 సమూయేలు 1:9–18, మార్కు 7:31–37



ఇంటియొద్ద గలగల మాటలాడు బిడ్డ బడి గడప త్రొక్కగానే నోరు మూసికొనుట మీలో కొందరైనను చూచియుందురు. అట్టి పిల్ల తల్లితో మాటలాడును, తమ్మునితో పోట్లాడును, మేకపిల్లకు కూడ కబుర్లు చెప్పును. అయితే అంగన్‌వాడీలో టీచరమ్మ పేరడిగిన నేల చూచును. బడిలో పంతులుగారు హాజరు పిలిచిన లేచి నిలుచునే గాని పలుకదు. పలకమీద అక్షరములు చక్కగా దిద్దును గాని చదువుమనిన పెదవి కదల్పదు. దాహమైనదని గాని దొడ్డికి పోవలెనని గాని అడుగలేక సాయంత్రము వరకు బిగబట్టుకొని కూర్చుండును. శనివారము రాత్రి అవ్వయొద్ద కంఠత వాక్యమును పొల్లుపోకుండ ఒప్పజెప్పిన పిల్ల, ఆదివారమున సంఘము ఎదుట నిలిపినప్పుడు కొయ్యబొమ్మవలె నిలుచును.

అప్పుడు మనమేమందుము? పొగరందుము, మొండితనమందుము, మూగనోము పట్టినదందుము. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయుమని ఒకరు, రెండు తగిలించిన అదే మాటలాడునని మరియొకరు, మూగదయ్యము పట్టినది గనుక ఉపవాస ప్రార్థనకు తెమ్మని వేరొకరు చెప్పుదురు. ఈ మాటలు వేరువేరుగా ఉన్నను వీటిలో అనేకముల వెనుక ఒక్క తీర్పే యున్నది: నోరున్నది, మాట వచ్చును, అయినను మాటాడదు, కాబట్టి అది దాని ఇష్టము, ఇష్టము గనుక దోషము. ఈ తీర్పు న్యాయమైనదా అని ఈ నెల మనము ఆలోచింతము.

ఏలీ చూచినది, చూడనిది

షిలోహులో హన్నా ప్రార్థించుచుండగా యాజకుడైన ఏలీ ఆమె నోటిని కనిపెట్టి చూచెను. పెదవులు కదలుచున్నవి, స్వరము లేదు. అంతట ఆమె త్రాగి మత్తురాలైనదని అతడు తలంచి గద్దించెను. గమనించుడి, ఏలీ కన్నులు అబద్ధమాడలేదు. స్వరము లేకుండుట నిజమే. అతడు తప్పినది కారణము చెప్పుటలో. నిండిన హృదయమును చూచి నిండిన పాత్రను తలంచుకొనెను. ఈ తప్పు చేసినవాడు దుర్మార్గుడు కాడు. మందిరపు ద్వారమునొద్ద కూర్చుండిన దేవుని సేవకుడు. కాబట్టి బోధకులును పెద్దలును సండేస్కూలు ఉపాధ్యాయులును ఈ కథను మొదట తమకొరకే చదువుకొనవలెను.

అయితే ఏలీలో ఒక మంచి యున్నది. హన్నా తన దుఃఖమును వివరింపగానే అతడు విని, తన మాట మార్చుకొని, ఆమెను దీవించి పంపెను. ఇక్కడనే మన బిడ్డకును హన్నాకును భేదము. హన్నాకు తన పక్షమున చెప్పుకొనుటకు నోరు వచ్చెను. ఈ బిడ్డకు కొదువైనది ఆ ఒక్కటే. నీవెందుకు మాటాడవని అడుగువానికి మాటలతో ఉత్తరమియ్యవలెను గదా! నేరము మోపబడినవాడు తన పక్షమున పలుకలేనప్పుడు, తీర్పు తీర్చువాడే వాని పక్షమున వెదకి చూడవలెను. ఇది న్యాయము, ప్రేమ దీనికి తక్కువ చేయజాలదు.

వైద్యులును దిద్దుకొనిరి

వైద్యులు కూడ మొదట ఏలీవలెనే తలంచిరి. 1877లో అడాల్ఫ్ కుస్మాల్ అను జర్మను వైద్యుడు ఈ మౌనమును వర్ణించి, బుద్ధిపూర్వకముగా పలుకకుండుట అను భావము వచ్చు పేరు పెట్టెను. 1934లో మోరిట్జ్ ట్రామర్ అను స్విట్జర్లాండు వైద్యుడు పెట్టిన పేరునకు కోరి ఎంచుకొనిన మౌనమని అర్థము. ఈ రెండు పేర్లును నెపమును బిడ్డ ఇష్టముమీదనే మోపినవి. 1994లో అమెరికా మానసిక వైద్యుల సంఘము తన గ్రంథములో దీనికి సెలెక్టివ్ మ్యూటిజమ్ అని పేరు మార్చెను. అనగా కొన్ని చోట్ల, కొందరి ఎదుట మాత్రము మాట రాకపోవుట. 2013లో దీనిని భయాందోళనలకు సంబంధించిన వ్యాధుల వరుసలో చేర్చిరి. 2022 నుండి అమలులోనున్న ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పట్టికయు ఆలాగే చెప్పుచున్నది. మొదటి పేరు పుట్టిన 136 సంవత్సరములకు, ఇది భయమేగాని మొండితనము కాదని గ్రంథస్థమైనది.

ఇది సాధారణముగా అయిదేండ్లలోపే మొదలగును గాని బడిలో చేర్చిన తరువాత బయటపడును. నూటికి ఒకరికంటె తక్కువమందికే కలుగును. బడిలో చేరిన మొదటి నెల మౌనమును లెక్కింపరాదు. క్రొత్తచోట ఏ బిడ్డయైనను బెదరును. మన మెట్టప్రాంతమునుండి పనులకొరకు బెంగుళూరు పోయినవారి పిల్లలు కన్నడపు బడిలో కొన్ని నెలలు పలుకకపోవుటయు వింతకాదు, భాష చెవికెక్కవలెను. అయితే వచ్చిన భాషలోనే, తెలిసిన జవాబునే, నెలలు గడచినను బయట చెప్పలేకపోయిన అప్పుడు జాగ్రత్తపడవలెను.

ఆ బిడ్డ లోపల జరుగునదేమి? గట్టులేని దిగుడుబావి అంచున నిలిచి తొంగిచూచినవానికి కాళ్లు బిగిసిపోవును. నడువకూడదని వాడు తీర్మానించుకొనలేదు, కాళ్లే కదలవు. ఈ బిడ్డకు గొంతు ఆలాగు బిగిసిపోవును. బావి అంచుననున్నవానిని వెనుకనుండి త్రోయువాడు వానికి నడక నేర్పుచున్నాడా?

రెండు సులువైన తప్పులు

మొదటి తప్పు బలవంతము. కొట్టుట, ఎగతాళి చేయుట, మాటాడువరకు నిలువబెట్టుట, మిఠాయి చూపి ఊరించుట. ఇవి భయమునకు భయమును చేర్చును. బడిలో బిడ్డను కొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను నిషేధించుచున్నది. లోకపు చట్టము నిషేధించినదానిని దేవుని మందిరములో మనము చేయుదుమా?

రెండవ తప్పు ప్రేమ వేషముతో వచ్చును. ఎవరో నీ పేరేమి అని అడుగుదురు. బిడ్డ బిగుసుకొనును. తల్లి వెంటనే తానే చెప్పివేయును. అడిగినవానికి ఇబ్బంది తప్పెను, తల్లికి సిగ్గు తప్పెను, బిడ్డకు గండము గడచెను. అందరును ఊపిరి పీల్చుకొందురు. అయితే భయమునకు ఆ పూట కడుపునిండ అన్నము దొరకినది. ఊరకుండిన గండము దాటునని బిడ్డ మరియొకసారి నేర్చుకొనెను. ఈలాగు వేయిసార్లు జరిగిన పిమ్మట మాట మరింత దూరమగును. తల్లిని నిందించుటకు ఈ మాట వ్రాయుటలేదు. బిడ్డ బాధ చూడలేకయే ఆమె పలికినది. అయినను జాలి ఎల్లప్పుడు ప్రేమ కాదు.

పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో ఒకరి భారములొకరు మోయవలెనని రెండవ వచనములోను, ప్రతివాడును తన బరువు తానే మోయవలెనని అయిదవ వచనములోను బోధించుచున్నాడు. ఈ రెండును ఒకదానికొకటి విరోధములు కావు. భయమను భారమును బిడ్డతోకూడ మనము మోయవలెను. మాట అను బరువును మాత్రము బిడ్డ చేతినుండి లాగుకొనరాదు. మోషే తాను నోటిమాంద్యముగలవాడనని వేడుకొనినప్పుడు దేవుడు అతని కోపపు దెబ్బలతో పలికింపలేదు, అహరోనును తోడుగా ఇచ్చెను. అయితే అహరోను నోరే మోషేకు శాశ్వతమైన నోరు కాలేదు. ద్వితీయోపదేశకాండము తెరచి చూడుడి. మాటనేర్పు లేదనిన మనుష్యుడే ఇశ్రాయేలీయులందరి ఎదుట దీర్ఘముగా మాటలాడుచున్నాడు. తోడు మెట్టుగా ఉండవలెను, ఇల్లుగా ఉండరాదు.

మెట్టు మెట్టుగా

ఈ పిల్లలకు నేడు జరుగుచున్న చికిత్స ఈ దారినే నడచుచున్నది. మొదట బిడ్డ ఎవరితో మాటలాడునో ఆ తల్లితో ఒక గదిలో ఆడుకొననిత్తురు. క్రొత్త మనిషి తలుపు బయట నిలుచును. పిమ్మట లోపల ఒక మూల కూర్చుండును. మెల్లగా దగ్గరకు జరిగి ఆటలో చేరును. ప్రశ్నలు వేయడు. నీవు ఎర్రబండి తోలుచున్నావని బిడ్డ చేయుదానిని చెప్పుచుండును. బిడ్డ ఒక మాట పలికిన ఆ మాటనే తిరిగి పలికి, చెప్పినందుకు సంతోషమని మెచ్చుకొనును. తరువాత ఎర్రదా, పచ్చదా అని రెంటిలో ఒకటి ఎంచుకొను ప్రశ్న వేయును; అవునా కాదా అని అడిగిన తల ఊపుటతో సరిపోవును గదా! అడిగి అయిదు లెక్కించునంతసేపు ఊరకుండును. తల్లి మెల్లగా బయటకు పోవును.

దీనినే గుంపుగా, కొద్దిదినములలో ఎక్కువ గంటలు చేయు పద్ధతియు నున్నది. న్యూయార్కులోని చైల్డ్ మైండ్ ఇన్‌స్టిట్యూట్‌వారు బ్రేవ్ బడ్డీస్ అను పేరుతో దీనిని నడుపుచున్నారు. బడి గదివంటి గదిలో, మాటాడలేని పిల్లలనే కూర్చి, ఒక్కొక్క బిడ్డకు తర్ఫీదు పొందిన ఒక సహాయకుని ఇత్తురు. ఆటలాడింతురు, తెచ్చిన వస్తువును చూపి చెప్పింతురు, అంగడికి తీసికొనిపోయి కావలసినది అడిగి కొనిపింతురు. తన బాధయే మరియొక బిడ్డకును కలదని చూచుటయే బిడ్డకు గొప్ప ధైర్యము. ఇట్టి గుంపు చికిత్సనుగూర్చి అమెరికాలో జరిగిన ఒక పరీక్ష 2019లో ప్రచురింపబడెను. అందులో 5 మొదలు 9 ఏండ్ల పిల్లలు 29 మంది యుండిరి. నాలుగవ వారమునకు చికిత్స పొందినవారిలో సగముమంది చికిత్సకు లొంగిరని, వేచియున్నవారిలో ఒక్కరును లేరని తేలెను. చిన్న పరీక్షయే, అందరును బాగుపడలేదు. అయినను సరియైన సహాయము కొద్దికాలములోనే ఫలింపగలదని ఇది చూపుచున్నది.

దెకపొలిలో మన ప్రభువునొద్దకు తేబడిన మనుష్యుడు చెవిటివాడు, నత్తివాడు; అతని రోగము వేరు. అయితే ప్రభువు నడచిన వరుస చూడుడి. జనుల నడుమ నిలిపి మాటాడుమనలేదు. సమూహములోనుండి ఏకాంతమునకు తోడుకొనిపోయెను, ముట్టెను, నిట్టూర్చెను. మాట తరువాత వచ్చెను. ఇక మూగదయ్యపు మాట. మార్కు తొమ్మిదవ అధ్యాయములోని చిన్నవాడు నేలపడి నురుగు కార్చెను. ఆ వృత్తాంతమును తెచ్చి, ఇంటియొద్ద నవ్వుచు పాడు బిడ్డకు అంటగట్టుట వాక్యమును సరిగా విభజించుట కాదు. ప్రార్థింపుడి; అయితే పదిమంది నడుమ కూర్చుండబెట్టి కేకలతో కాదు. బిడ్డ నిద్రించునప్పుడు మంచమునొద్ద ప్రార్థింపుడి.

మనము చేయదగినది

1. మొదట చెవులును నాలుకయు వైద్యునికి చూపింపుడి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు వైద్యబృందము అంగన్‌వాడీకి, ప్రభుత్వ బడికి వచ్చినప్పుడు సిగ్గుపడక చెప్పుడి. టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేసిన తెలుగులో సలహా దొరకును, ఖర్చులేదు. బెంగుళూరులోని నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్యులున్నారు.

2. శనివారము సాయంత్రము గుడి ఖాళీగా నుండును. తల్లియు బిడ్డయు అక్కడ ఆడుకొననిండు. కంఠత వాక్యమును తల్లికే చెప్పనిండు. వారము వారము ఉపాధ్యాయురాలు కొంచెము కొంచెము దగ్గరకు జరుగవలెను.

3. బిడ్డ మొదటి మాట పలికినప్పుడు అబ్బో అని కేకలు వేయకుడి, చప్పట్లు కొట్టకుడి. మెల్లగా మెచ్చుకొని ఆట సాగింపుడి.

4. వేసవిలో జరుగు వి.బి.యస్. చికిత్స కాదు గాని మంచి మెట్టు. బిడ్డకు పరిచయమైన ఒక్క అక్కను ప్రతిదినము తోడుంచుడి; ఇద్దరు ముగ్గురు పిల్లల చిన్న గుంపులో చేర్చుడి.

నోటితో ఒప్పుకొనుట

చివరకు ఒక కష్టమైన ప్రశ్న. రోమా పత్రిక పదియవ అధ్యాయము హృదయములో విశ్వసించుటతోపాటు నోటితో ఒప్పుకొనుటను చెప్పుచున్నది. మన సంఘములలో బాప్తిస్మము కోరువారు అందరి ఎదుట సాక్ష్యము చెప్పుదురు. ఈ బాధ తీరకయే యౌవనస్థులైనవారి సంగతి ఏమి? పలుకలేదు గనుక విశ్వాసము లేదందుమా?

జెకర్యాను జ్ఞాపకము చేసికొనుడి. అతని మౌనము శిక్ష; ఈ బిడ్డది కాదు. అయినను అతడు పలక అడిగి కుమారుని పేరు వ్రాసెను, ఆ వ్రాతను ఎవరును త్రోసివేయలేదు. వ్రాత ముందు, నోరు తెరువబడుట తరువాత. పలకలకు పేరొందిన మార్కాపురము దాపున నున్న మనకు ఈ పాఠము దూరమైనది కాదు. పలకమీద వ్రాసిన సాక్ష్యమును, బోధకుని యెదుటను ఇద్దరు పెద్దల యెదుటను మెల్లగా పలికిన సాక్ష్యమును సంఘము అంగీకరింపవలెను. నియమమును సడలించుమని కాదు. ఒప్పుకోలు ఎక్కడ పలుకబడగలదో అక్కడికి మన చెవి పోవలెనని చెప్పుచున్నాను. అయితే పలక దగ్గరనే నిలిచిపోనియ్యరాదు. ఇద్దరి యెదుట పలికినవాడు రేపు అయిదుగురి యెదుట పలుకునట్లు తోడు నడువవలెను. లేనియెడల తల్లి చేసిన ఆ రెండవ తప్పును సంఘమే చేసినదగును.

ఈ ఆదివారము మీ సండేస్కూలులో వెనుక వరుసలో గోడకానుకొని కూర్చున్న బిడ్డ యెవరో చూడుడి. ప్రశ్న అడుగకుడి. దాని ప్రక్కన కొంతసేపు కూర్చుండుడి.

హన్నా స్వరములేని మనవి వినిన ప్రభువా, ఏలీవలె త్వరపడకుండ మా నోళ్లకు కావలి యుంచుము; నీవు కనిపెట్టునట్లు కనిపెట్టు ఓర్పును మాకు దయచేయుము. ఆమేన్.