ఏ బీపీటీ?

బాపట్ల పక్క పల్లెల్లో ‘బీపీటీ’ అంటే వరి. బైపీసీ చదివే పిల్లకి అది ఫిజియోథెరపీ డిగ్రీ. ఒకప్పటి బొంబాయి రేవులో పనిచేసినవాళ్ళకి పోర్ట్ ట్రస్ట్. ముగ్గురూ చెప్పేది నిజమే. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. కాలేజీలో సీటు అడిగినవాడి చేతిలో ఎవరూ వడ్లు పొయ్యరు. మాట ఎక్కడ పుట్టిందో చూసి అర్థం మనమే సరిచేసుకుంటాం.

చిక్కంతా ఒకే కొట్లో, ఒకే సరుకు దగ్గర వస్తుంది. ఈ మూడక్షరాలు బాపట్ల ఊరి ముద్ర. మార్టేరు రకాలకి ఎంటీయూ ఉన్నట్టే ఇక్కడి వరి పరిశోధన కేంద్రం రకాలకి బీపీటీ. 1986లో విడుదలైన సాంబ మసూరి, బీపీటీ 5204. అది ఎంత పేరు తెచ్చుకుందంటే జనం నంబరు వదిలేసి ముద్రనే పేరు చేసుకున్నారు. కానీ భావపురి సన్నాలు కూడా బీపీటీయే, నంబరు 2270.

సాంబ మసూరి సుమారు 150 రోజుల పంట. విత్తనం దోసిట్లో పోసుకుని చూస్తే రకం కచ్చితంగా తేలదు. వెన్ను తీసేసరికి తేలుతుంది. అప్పటికి దుక్కి, నాట్లు, ఎరువుల ఖర్చు అయిపోయి ఉంటుంది. “బీపీటీ ఇవ్వండి” అన్న రైతుకి ఇంకో బీపీటీ అంటగట్టి, “అడిగిందే ఇచ్చాగా” అనే వ్యాపారి ఉన్నాడనుకుందాం. అతను అబద్ధమాడాడా? అక్షరాలా అయితే ఆడలేదు.

ధర్మరాజూ ఆడలేదు. అశ్వత్థామ అనే ఏనుగు నిజంగానే చచ్చింది. ద్రోణుడు అడిగింది కొడుకు సంగతని తెలిసే ఆ మాటన్నాడు. నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచే రథం అందుకే కిందకి దిగింది.

అడిగేవాడే నంబరుతో సహా అడగాలి కదా అనొచ్చు. అతను ఊరంతా మాట్లాడే మాటే మాట్లాడాడు. పొట్టి పేరు వాడేవాడు మిగతా సగం ఎదుటివాడి నిజాయితీకి వదిలేస్తాడు. రెండో అర్థం ఉందని తెలిసినవాడిదే బాధ్యత. సంచి మీద రకం పేరు ఉండాలని 1966 నాటి విత్తన చట్టం చెబుతుంది. లేబుల్ చదవలేనివాడికి ఆ పేరు వినిపించాల్సింది మాత్రం కొట్లో మనిషే. “ఏ బీపీటీ, యాభై రెండు సున్నా నాలుగేనా?” అంటే చాలు.