అల్లుడి శనివారం కోసం కూర్చోకు

చెల్లాయ్, మూడు నెలలు లండన్‌లో ఉంటారు, సరే. అమ్మాయీ అల్లుడూ పొద్దున్నే ఆఫీసులకి పోతే నువ్వూ మరిదిగారూ ఏం చేస్తారు? వంట చేసి, సీరియల్ చూసి, శనివారం ఎప్పుడొస్తుందా, అల్లుడు ఎప్పుడు తిప్పుతాడా అని కూర్చుంటారు. మన వైపు నుంచి వెళ్ళిన పెద్దవాళ్ళు చాలామంది చేసేది అదే. మీరు మాత్రం అలా చేయొద్దు. ఆ ఊళ్ళో భూమి కింద రైలుంది, ట్యూబ్ అంటారు. 1863లో మొదలైంది. అప్పట్లో ఆవిరి ఇంజన్లు, సొరంగం నిండా పొగ. ఆ పొగలోనే జనం ఎక్కి తిరిగారు. ఇప్పుడు కరెంటు రైలెక్కడానికి నీకేం భయం?

మ్యాపు చూసి మాత్రం బెదిరిపోకు. పదకొండు లైన్లు, 272 స్టేషన్లు, చూడ్డానికి చిక్కుపడ్డ రంగు దారాల్లా ఉంటుంది. మీకు దాంతో పనిలేదు. అమ్మాయి వాళ్ళిల్లు హౌన్స్‌లో సెంట్రల్ స్టేషన్ దగ్గరే కదా. అది పికడిల్లీ లైను, ముదురు నీలం గీత. ఆ ఒక్క గీత పట్టుకుంటే ఊళ్ళో చూడాల్సినవి బోలెడు దాని మీదే వస్తాయి. 'ఈస్ట్‌బౌండ్' అని రాసి ఉన్న ప్లాట్‌ఫాం ఊళ్ళోకి, 'వెస్ట్‌బౌండ్' ఇంటికి. ఈ రెండు మాటలూ కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకో. కింద ఒక్కోచోట ఫోన్ సిగ్నల్ ఉండదు, కాగితానికి ఆ గొడవ లేదు.

తిరిగొచ్చేటప్పుడే కాస్త చూసుకోవాలి. యాక్టన్ టౌన్ దగ్గర ఈ లైను రెండుగా చీలుతుంది. ఒకటి హీత్రో ఎయిర్‌పోర్టు వైపు, అదే మీది. రెండోది రేనర్స్ లేన్, అక్స్‌బ్రిడ్జ్ వైపు. ప్లాట్‌ఫాం మీద వేలాడే బోర్డులో 'హీత్రో' అని వచ్చిన రైలే ఎక్కండి. మాటల్లో పడి రెండోది ఎక్కేశారా, కొంపేం మునగదు. యాక్టన్ టౌన్‌లో దిగి, వెనక వచ్చే హీత్రో బండి ఎక్కండి. ఎక్కడ తప్పినా ఇదే మందు. దిగడం, మళ్ళీ సరైన బండి చూసుకుని ఎక్కడం. అంతే, హడావిడిపడి గేటు దాటి బయటికి పోవద్దు.

ఇంకోటి, ఇది మరిదిగారికి వినపడేలా చదువు. ఆయన చకచకా ఎక్కేస్తారు, నువ్వు వెనకబడతావు, మధ్యలో తలుపు మూసుకుంటుంది. అప్పుడు లోపలున్నవాళ్ళు తర్వాతి స్టేషన్లో దిగి అక్కడే ప్లాట్‌ఫాం మీద నిలబడాలి. బయట మిగిలినవాళ్ళు తర్వాతి రైలెక్కి అక్కడికి చేరాలి. ఇద్దరూ ఒకరికోసం ఒకరు వెనక్కి పరిగెత్తారంటే ఇక ఆ పూట కలుసుకోరు. ఇంట్లోనే ఈ ఒప్పందం చేసుకుని బయల్దేరండి.

టికెట్ల క్యూలో నిలబడక్కర్లేదు. ఆయిస్టర్ కార్డు గానీ, తాకిస్తే పనిచేసే బ్యాంకు కార్డు గానీ గేటు దగ్గర పసుపుపచ్చ గుండ్రానికి ఆనిస్తే చాలు. మన బ్యాంకు కార్డయితే విదేశీ వాడకం ఇక్కడే ఆన్ చేయించుకుని వెళ్ళు. మనిషికో కార్డు ఉండాలి, ఒక్కదాంతో ఇద్దరూ వెళ్ళలేరు. ఎక్కేటప్పుడు దేన్ని ఆనించావో దిగేటప్పుడూ దాన్నే ఆనించు. పొద్దున కార్డు, సాయంత్రం ఫోన్ అంటే ఇద్దరు వేర్వేరు మనుషులనుకుని ఎక్కువ లాగేస్తుంది. ఒకే కార్డు వాడితే రోజుకింత అని ఒక హద్దు ఉంది, అది దాటాక ఎన్నిసార్లు ఎక్కినా పైసా పోదు.

తొమ్మిదిన్నర దాటాక బయల్దేరండి, అప్పటికి ఆఫీసుల రద్దీ తగ్గుతుంది. మొదటిరోజే హోబోర్న్‌లో దిగండి. బండి మారక్కర్లేదు, హౌన్స్‌లో నుంచి నేరుగా అక్కడికే. పైకి పొడుగాటి ఎస్కలేటర్లు ఉంటాయి. కుడివైపు నిలబడాలి, ఎడమవైపు నడిచేవాళ్ళకి వదలాలి. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకో, చివర్న మెట్టు లోపలికి పోయేచోట అంచు ఇరుక్కుంటుంది. ఒక స్టేషన్ ముందే వచ్చే కోవెంట్ గార్డెన్‌లో ఎప్పుడైనా దిగితే మాత్రం మెట్ల జోలికి పోకండి. 193 మెట్లు, మోకాళ్ళు నావి కావు, నీవి. అక్కడ లిఫ్టులో రండి.

హోబోర్న్ ఎందుకంటే, అక్కణ్ణించి నాలుగడుగులు వేస్తే బ్రిటిష్ మ్యూజియం. లోపలికి డబ్బు కట్టక్కర్లేదు. మన అమరావతి స్తూపం శిల్పాలు ఒక గది నిండా ఉన్నాయి. 1880లో అక్కడికి చేరాయి. మన గుంటూరు నుంచి ఎన్నిసార్లు అమరావతి వెళ్ళి గుడి చూసి వచ్చేశామో నీకే తెలుసు. స్తూపం ఉన్నచోట ఇప్పుడు మిగిలింది దిబ్బే. లండన్‌లో ఒక పలక మీద ఆ స్తూపాన్నే చెక్కారు, గుమ్మటం, సింహాలు, చుట్టూ ప్రాకారం, జనం దండాలు పెట్టడం. అది పూర్తిగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఆ ఒక్క పలకే చెబుతుంది. మన ఊరి రాయి చూడ్డానికి అంత దూరం పోవాలా అని నాకూ కడుపు మండుతుంది, కానీ పోయినవాళ్ళు చూడకుండా రావడం ఇంకా దండగ.

రైల్లో ఎవరూ పలకరించరు. పొగరనుకోకు, వాళ్ళ తీరంతే. ముసలివాళ్ళని చూసి లేచి సీటిస్తారు, మొహమాటపడకుండా కూర్చో. నాలుగు కాకముందే తిరిగి బయల్దేరండి, ఆ తర్వాత ఏడు దాకా నిలబడ్డానికి కూడా చోటుండదు.

అమ్మాయికి ముందురోజు చెప్పకు. చెబితే సెలవు పెట్టి వెంట వస్తానంటుంది. సాయంత్రం వచ్చాక, కాఫీ తాగుతూ చెప్పు.