సేవ అంటే చాలునా?



అర్ధరాత్రి మీ ఇంటి ఆడపడుచుకు నొప్పులు మొదలైతే ముందుగా ఎవరికి కబురు పెడతారు? పల్లెల్లో చాలామంది ఆశా కార్యకర్తకే. ఆమె 108కి ఫోను చేస్తుంది, వెంట వస్తుంది, తెల్లవారేదాకా ఆసుపత్రి బల్లమీద కూర్చుంటుంది. మర్నాడు మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి బాలింతలను, క్షయ రోగులను, పసిబిడ్డలను చూడాలి. చూసినదంతా రిజిస్టరులోనూ ఫోనులోనూ ఎక్కించాలి.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద వెయ్యిమంది జనాభాకు ఒకరు చొప్పున ఈ ఏర్పాటు మొదలైంది. కాగితం మీద ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త. అందుకే ఆమెది జీతం కాదు, గౌరవ వేతనం, పనికింతని ప్రోత్సాహకం. పని ఆగితే మాత్రం సంజాయిషీ అడుగుతారు. స్వచ్ఛందమైతే సంజాయిషీ ఎందుకు? సంజాయిషీ ఉంటే జీతం ఎందుకు లేదు?

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గౌరవ వేతనం నెలకు 10,000 రూపాయలు చేశారు. 180 రోజుల ప్రసూతి సెలవు ఇవ్వాలని 2025లో నిర్ణయించారు. సంతోషమే. కాని ఊరి కాన్పులకు తోడు వెళ్ళే మనిషికి తన కాన్పుకూ సెలవు కావాలని గుర్తించడానికి ఇరవై ఏళ్ళు పట్టింది! 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీరికి పురస్కారం ఇచ్చింది. చప్పట్లు కొట్టాము. చప్పట్లతో బియ్యం రావు.

"సేవకు వెల కడతారా, ఫాదర్?" అంటారు కొందరు. మంచి ప్రశ్నే. ఎవరికి చెందవలసినది వారికివ్వడం న్యాయమని సెమినరీలో పునీత తోమా అక్వినాసు వారి దగ్గర నేర్చుకున్నాము. ప్రేమ న్యాయాన్ని దాటి ముందుకు పోతుందే గాని, న్యాయాన్ని ఎగ్గొట్టదు. శ్రమను కానుకగా ఇచ్చే హక్కు శ్రమించినవారిదే. "నీది సేవ" అని చెప్పి మనమే తీసేసుకుంటే అది కానుక కాదు. కార్మికుడు ఒప్పుకున్నంత మాత్రాన చాలీచాలని కూలి న్యాయమైపోదని 13వ లియో పోపు గారు 1891లోనే తమ విశ్వలేఖలో బోధించారు.

ప్రభుత్వాన్ని తప్పుపట్టడం సులభం. మన ఉపదేశికి, గుడి ఊడ్చే అమ్మకు మనమేమి ఇస్తున్నాము? "దేవుని పని కదా" అంటూ వారి జీతం వాయిదా వేసిన నెలలు నాకూ ఉన్నాయి. ఆ నెలల్లో నా భోజనం ఆగలేదు.

ఈసారి ఆమె మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి. అంతటితో బాకీ తీరిందనుకోకండి. రేపు ఆమె కలెక్టరు ఆఫీసు ముందు బైఠాయిస్తే, "సేవ చేసేవారికి ధర్నాలెందుకు?" అని మాత్రం అనకండి.