గతించిన నాదానికి ఉనికి ఎక్కడ?

శబ్దం నిత్యమా, అనిత్యమా అన్నది భారతీయ దర్శనాల్లో ఎడతెగని వాదం. ఒకసారి విన్న గకారాన్ని మళ్లీ విన్నప్పుడు శ్రోత ‘ఇది అదే’ అని గుర్తుపడతాడు కనుక శబ్దం నిత్యమని, ఉచ్చారణ దానిని వ్యక్తం చేస్తుందే తప్ప పుట్టించదని మీమాంసకులు వాదించారు. ఆ గుర్తింపునకే ప్రత్యభిజ్ఞ అని పేరు. శబ్దం ఆకాశగుణమని, పుట్టి నశించేదని, ‘అదే’ అన్న భావన సాజాత్యం వల్ల, అంటే రెండూ ఒకే జాతికి చెందడం వల్ల కలుగుతుందని నైయాయికులు బదులిచ్చారు. మీమాంసకుల దృష్టి ప్రధానంగా వేదవాక్కు మీదనే ఉన్నా, రికార్డయిన సంగీతం విషయంలోనూ ఈ ప్రశ్న తప్పదు.

ఇంగ్లండులోని కాంటర్‌బరీలో 1966లో ఏర్పడిన సాఫ్ట్ మెషీన్ బృందం రాక్ సంగీతపు ఉద్ధృతికి జాజ్ మనోధర్మాన్ని, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించే పద్ధతిని జోడించింది. 1967 నుంచి ఆ బృందం బీబీసీ రేడియో కోసం వాయించిన సంగీతాన్ని హక్స్ రికార్డ్స్ 2003లో రెండు సంపుటాలుగా వెలువరించింది. టేపులను చెరిపి మళ్లీ వాడుకోవడం మామూలైన ఆ కాలంలో ఇవి మిగలడమే విశేషం.

వీటిలో ‘మూన్ ఇన్ జూన్’ ప్రత్యేకంగా పరిశీలించదగినది. 1969 జూన్‌లో ‘టాప్ గేర్’ కార్యక్రమానికి దీనిని పాడినప్పుడు, డ్రమ్స్ వాయిస్తూ పాడే రాబర్ట్ వయట్ సాహిత్యాన్ని మార్చి, బీబీసీలో తీరికగా వాయించే స్వేచ్ఛ దొరికిన ఆనందాన్ని, నడవలోని టీ యంత్రాన్ని కూడా పాటలోకి తెచ్చాడు. మరుసటి ఏడు ‘థర్డ్’ ఆల్బమ్‌లో ఇదే రచన ఎల్పీ రికార్డు ఒక వైపంతా, సుమారు 19 నిమిషాల పాటు సాగినా, ఆ మాటలు అందులో లేవు.

రెండింటినీ విన్నవారికి పాట ఒకటేనన్న ప్రత్యభిజ్ఞ కలుగుతుంది కాబట్టి మీమాంసకులదే పైచేయి అనిపించవచ్చు. అయితే టీ యంత్రం ప్రస్తావన ఆ స్టూడియోకు, ఆ పూటకు మాత్రమే చెందినది. అటువంటివన్నీ తీసివేస్తే మిగిలేది రచన చట్రమే గాని ఆనాటి గానం కాదు. పైగా టేపు మీద ఉన్నది అయస్కాంత రేణువుల అమరిక మాత్రమే. దానిని బట్టి స్పీకరు పొర కంపించినప్పుడు పుట్టేది ఆనాటి శబ్దానికి సజాతీయమైన నేటి శబ్దం. మనోధర్మ సంగీతానికి న్యాయమతమే ఎక్కువగా పొసగుతుంది.

కాబట్టి భాండాగారం సంగీతాన్ని నిత్యం చేయదు. ఫలానా మనుషులు ఫలానా నాడు ఇలా వాయించారన్న దానికి ప్రమాణంగా, అంటే యథార్థ జ్ఞానానికి సాధనంగా నిలుస్తుంది. శబ్దం నిత్యమే అయితే టేపు చెరిగినా నష్టం లేదు, మరొక గాయకుడు దానిని మళ్లీ వ్యక్తం చేస్తాడు. ఆనాటి గానం మళ్లీ పుట్టదు గనుకనే దాని సాక్ష్యాన్ని కాపాడటం కేవలం అభిరుచిగా మిగలక ధర్మమవుతుంది.